నరసింహుడితో తలపడేదెవరు?

మార్వెల్ సినిమాల్లో థానోస్ చిటికె వేస్తే లోకంలో సగం ప్రాణులు బూడిదవుతాయి. ఆ చిటికె నరసింహస్వామి మీద పనిచేస్తుందా?

నరసింహస్వామి కొలువైన కదిరిలో ఈ ప్రశ్న అడిగితే పెద్దవాళ్లు పట్టించుకోరు. ‘మన సామి ముందర వాడెంతప్పా’ అనేసి తమ పనిలో పడతారు. పిల్లలు అంత తేలిగ్గా వదలరు. థానోస్ చేతి తొడుగులో ఆరు రాళ్లున్నాయి, అందులో కాలాన్ని వెనక్కి తిప్పే రాయి కూడా ఉంది, కాబట్టి స్తంభం పగలక ముందుకే పోయి నిలబడతాడు అంటాడొకడు. స్తంభం పగలక ముందు కూడా సామి అందులోనే ఉండాడు గదరా, ఎంత వెనక్కి పోతే మాత్రం ఏం లాభం అంటాడు ఇంకొకడు. 2025 జులైలో ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ సినిమా తెలుగులోనూ వచ్చి బాగా ఆడాక ఇలాంటి వాదనలకు కొత్త ఊపొచ్చింది. అంతకు ముందు కూడా లేకపోలేదు. హనుమంతుడా హల్కా, బాహుబలా బ్యాట్‌మ్యానా అని తేల్చుకోకుండా ఏ తరం బడి గోడ దాటింది కనుక!

ఇదంతా పనీపాటా లేనివాళ్ల ముచ్చట అని కొట్టిపారేయొచ్చు. కానీ ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, కదిరి నడుమ తిరిగితే ఈ ముచ్చటకు గుళ్లున్నాయి, నాణేలున్నాయి, నాటకాలున్నాయి, తోలుబొమ్మలున్నాయి, ఒక ముఖ్యమంత్రి కూడా ఉన్నాడు. రాష్ట్రంలో ఇంకెక్కడా ఇన్ని ఒక్కచోట దొరకవని నా నమ్మకం.

లెక్క ప్రకారం ఈ ఆటకు ఆదిగురువు హిరణ్యకశిపుడు. మనిషి చేతిలో చావకూడదు, మృగం చేతిలో చావకూడదు. పగలు వద్దు, రాత్రి వద్దు. ఇంట్లో వద్దు, బయట వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలోనూ వద్దు. ఏ ఆయుధమూ పనిచేయకూడదు. బ్రహ్మను ఎదురుగా నిలబెట్టి ఇంత పకడ్బందీగా రాయించుకున్న దస్తావేజు పురాణాల్లో మరొకటి కనబడదు. సూపర్‌మ్యాన్‌కు క్రిప్టోనైట్ పడదు, ఫలానావాడికి నిప్పు అంటదు అని ఈనాటి పిల్లలు నోటుబుక్కు వెనక రాసుకునే బలాబలాల పట్టిక దీని ముందు ఏపాటిది! దానికి విష్ణువు ఇచ్చిన జవాబు ఇంకా గట్టిది. ఎదుటివాడికంటే పెద్ద బలం తెచ్చి మీద పడలేదాయన. సంధ్యవేళ వచ్చాడు. గడప మీద కూర్చున్నాడు. తొడ మీద పడేసుకున్నాడు. గోళ్లతో చీల్చాడు. సగం మనిషి, సగం సింహం. దస్తావేజులో ఒక్క షరతూ చెడలేదు, పని మాత్రం అయిపోయింది. కదిరిలో ఫాల్గుణ మాసంలో జనం రథం లాగేది అలాంటి దేవుడికి. మహాబలుడు అనడం కంటే మహా ప్లీడరు అనడమే సబబేమో.

ప్లీడరంటే గుర్తొచ్చింది. తెలుగు తొలి టాకీ 1932 నాటి హెచ్.ఎం.రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ అని అందరికీ తెలుసు. దానికి ఆధారమైన నాటకం రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో మన ధర్మవరంలోనే పుట్టాడు, బళ్లారిలో వకీలుగా బతికాడు. ఆయన ‘సరస వినోదిని’ సభకు అదే ఊళ్లో పోటీ కోలాచలం శ్రీనివాసరావు ‘సుమనోరమ’ సభ. కోలాచలం కూడా వకీలే. పగలు కోర్టులో, రాత్రి రంగస్థలం మీద, ఇద్దరు వకీళ్లు. ఊరు రెండు పక్షాలు. ఎవరి నాటకం గొప్ప అన్న తగువు తీర్చగల జడ్జి మాత్రం బళ్లారిలో దొరికినట్టు లేదు.

గెలిచాక ఆపేదెవరు?

హిరణ్యకశిపుడు చచ్చాడు. కథ అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు. నరసింహుడి కోపం తగ్గలేదు. దేవతలు దూరంగా నిలబడి స్తోత్రాలు చదివారు, దగ్గరికి మాత్రం పోలేదు. లక్ష్మీదేవే వెనకాడింది. ఈ ఉగ్రం ఒట్టి పుస్తకంలో మాట కాదని వేషం కట్టేవాళ్లకు బాగా తెలుసు. తమిళనాట తంజావూరు దగ్గరి మెలట్టూరులో నరసింహ జయంతి వేడుకల్లో ఇప్పటికీ తెలుగులో ‘ప్రహ్లాద చరిత్రము’ ఆడతారు. అక్కడ నరసింహుడి ముఖానికి పూజ చేస్తారు. అది తగిలించుకునే మనిషి ఉపవాసం ఉంటాడు. ఆవేశం వచ్చి హిరణ్యకశిపుడి వేషగాడి మీదికి నిజంగా ఉరుకుతాడేమోనని పట్టుకోవడానికి పక్కన మనుషులు సిద్ధంగా నిలబడతారు.

అందరికంటే బలవంతుడు గెలిచి, ఆ గెలుపు దిగకపోతే ఏం చేయాలి? ఇక్కడ శైవులు ముందుకొచ్చారు. లింగపురాణం, శివపురాణం చెప్పే కథ ప్రకారం శివుడు మొదట వీరభద్రుణ్ణి పంపాడు. మంచి మాటలతో నరసింహుడు శాంతించలేదు. అప్పుడు శివుడే శరభ రూపమెత్తాడు. సింహమూ పక్షీ కలిసిన ఆకారం, ఎనిమిది కాళ్లు. నరసింహుణ్ణి లొంగదీశాడు. పన్నెండో శతాబ్దంలో చోళులు కట్టిన దారాసురం గుడిలో ఈ దృశ్యాన్ని రాతిలో చెక్కి పెట్టారు. వైష్ణవులు ఊరుకుంటారా? నరసింహుడే గండభేరుండ పక్షి అయి, రెండు తలలతో లేచి, ఆ శరభాన్ని చీల్చేశాడని వాళ్ల కథ. దానికీ మళ్లీ పై జవాబులున్నాయి.

ఒకడు తన వీరుడికి ఎనిమిది కాళ్లు తగిలిస్తే ఇంకొకడు రెండు తలలు తగిలిస్తాడు. ఈ మధ్య వచ్చిన కుర్రాళ్ల అలవాటు కాదిది. భక్తులు శతాబ్దాల కిందటే చేసిన పని.

ఇప్పుడు పటం చూడండి. నరసింహుడు కదిరిలో. ఆయన్ని శాంతింపజేయబోయి వట్టి చేతులతో తిరిగిపోయిన వీరభద్రుడు అదే జిల్లాలో హిందూపురం పక్కన, లేపాక్షిలో. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో, పెనుకొండ అధికారి విరుపణ్ణ ఆ గుడి కట్టించాడు. మండపం పైకప్పు మీద బ్రహ్మాండమైన వీరభద్రుడి చిత్రం, పాదాల దగ్గర కట్టించిన విరుపణ్ణ. ఆ అచ్యుతరాయలే తన బంగారు నాణేల మీద ముక్కుల్లో, కాళ్ల గోళ్లలో ఏనుగుల్ని పట్టుకున్న గండభేరుండాన్ని అచ్చొత్తించాడు. నాణెం మీది పక్షి రాజచిహ్నమే గానీ శివుడి మీద వేసిన సవాలు కాదులెండి. 1047 నాటికే కర్ణాటకలోని బళ్లిగావిలో ఆ పక్షికి రాతిస్తంభం నిలబెట్టారు. తర్వాత మైసూరు ఒడయార్లు తీసుకున్నారు, ఇప్పుడది కర్ణాటక రాష్ట్ర ముద్ర. హిందూపురం బస్టాండులోకి వచ్చే కర్ణాటక సర్కారు బస్సుల మీద రోజూ చూస్తున్న ఆ రెండు తలల పక్షికి కదిరి స్వామితో ఒక కథలో చుట్టరికం ఉందని ఎక్కేవాళ్లలో ఎంతమందికి తెలుసో.

ఇంతకూ కదిరి ఏ పక్షం? నాకు అర్థమైనంతలో ఏ పక్షమూ కాదు. శరభమూ వద్దు, భేరుండమూ వద్దు అనే జవాబు గర్భాలయంలోనే ఉంది. ఇక్కడ స్వామి ప్రహ్లాదుడితో కలిసి దర్శనమిస్తాడు. భాగవతంలో ఆ ఉగ్రాన్ని దింపింది ఆ పిల్లవాడే. పెద్ద వీరులంతా దూరంగా ఉండగా పసివాడు దగ్గరికెళ్లి దండం పెట్టాడు, అంతే. ఎవరు ఎక్కువ అన్న ప్రశ్నను అడిగినవాళ్ల చేతిలోనే వదిలేసి, ఎవరు ఆపగలరు అన్న ప్రశ్నకు పోవడం ఇక్కడ మొదలవుతుంది. తెలుగువాళ్లు ఈ రెండో ప్రశ్నతో పెద్ద వ్యాపారమే చేశారు.

గయుడి ఉమ్ము

ఆకాశంలో పోతున్న గయుడనే గంధర్వుడు తాంబూలం ఉమ్మేశాడు. కింద యమునలో కృష్ణుడు సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నాడు. ఉమ్మి వచ్చి సరిగ్గా దోసిట్లో పడింది. వాణ్ణి చంపుతానని కృష్ణుడి ప్రతిజ్ఞ. గయుడు పరుగెత్తి అర్జునుడి కాళ్ల మీద పడ్డాడు. శత్రువు ఎవరో చెప్పకముందే అర్జునుడు అభయమిచ్చేశాడు. ఇచ్చాక తెలిసింది, ఎదురుగా వచ్చేది బావ అని.

వ్యాసుడి భారతంలో ఈ కథ లేదు. అయినా చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ నాటకంగా రాస్తే తెలుగునాట ఆడని ఊరు లేదు. పుస్తకం లక్ష ప్రతులు అమ్ముడుపోయిందని చెప్పుకుంటారు. ఎందుకంత గిరాకీ? కృష్ణార్జునులు కొట్టుకుంటే చూడాలని ప్రతి మనిషికీ లోపల ఉంటుంది. కానీ ఊరికే కొట్టుకోమంటే కొట్టుకోరు. వాళ్లకు ఒకరంటే ఒకరికి ప్రాణం. కాబట్టి కథ రాసేవాడి అసలు పనితనం బాణాల దగ్గర కాదు, ఆ ఉమ్మి దగ్గరుంది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాడు కాకూడదు, ఇద్దరూ మాట తప్పకూడదు, అయినా కొట్టుకోవాలి. ఈ ముడి పడిందంటే సగం నాటకం అయిపోయినట్టే.

మిగతా సగం పద్యాలు. రాయలసీమ పల్లెల్లో తిరనాళ్లకు రాత్రంతా పద్యనాటకం నడిచిన రోజుల్లో యుద్ధం అంటే గదలూ బాణాలూ కావు, రాగాలు. కృష్ణుడి వేషగాడు ఒక పద్యం ఎత్తుకుని హార్మోనియం పట్టినంత మేర లాగితే, అర్జునుడి వేషగాడు ఇంకో మెట్టు పైకి లాగేవాడు. కింద నుంచి ‘వన్స్ మోర్’ కేకలు. చచ్చిపడ్డవాడు కూడా లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ పడిపోవాల్సిందే. ఒక్క నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని పెట్టి, ఒకటో కృష్ణుడు బాగా పాడాడా రెండో కృష్ణుడా అని తెల్లారేదాకా కొట్టుకున్న ఊళ్లూ ఉన్నాయి. వీరుడి మీద అభిమానం వేషగాడి మీదికి ఎక్కడ మళ్లిందో చెప్పడం కష్టం. తర్వాత వచ్చిన సినిమా దాన్నే పెద్దది చేసింది.

ఆ పెద్దది చేసిన మనిషి ఇంటిపేరు కదిరి. కె.వి.రెడ్డి, అంటే కదిరి వెంకటరెడ్డి, తాడిపత్రి ప్రాంతం మనిషి. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన ఆయన 1963 జనవరిలో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ విడుదల చేశాడు. కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్. అప్పటికి ఇద్దరివీ వేరు వేరు సేనలు. థియేటర్లో కుడివైపు ఒకరివాళ్లు, ఎడమవైపు ఇంకొకరివాళ్లు కూర్చునే కాలంలో ఒకణ్ణి ఓడించి చూపిస్తే మర్నాటి నుంచి సగం టికెట్లు తెగవు. చిలకమర్తి కట్టిన ముడి కె.వి.రెడ్డికి దేవుడిచ్చిన వరంలా పనికొచ్చింది. పోరు మహాస్త్రాల దాకా ముదురుతుంది. లోకాలు తల్లడిల్లుతాయి. శివుడు వచ్చి ఆపుతాడు. కృష్ణుడి ప్రతిజ్ఞా నిలిచింది, అర్జునుడి అభయమూ నిలిచింది, ఎవరి పక్షంవాళ్లు వాళ్ల హీరోయే గెలిచాడనుకుంటూ ఇంటికి పోయారు. ఆ కృష్ణుణ్ణే తర్వాత హిందూపురం 1985, 1989, 1994 ఎన్నికల్లో అసెంబ్లీకి పంపింది. అక్కడ మాత్రం శివుడెవరూ అడ్డం రాలేదు, మూడుసార్లూ గెలుపు ఆయనదే.

ఇదే మూసలో రాముణ్ణీ ఆంజనేయుణ్ణీ కూడా కొట్టించారు. బాపు 1975లో ఎన్టీఆర్‌తో ‘శ్రీరామాంజనేయ యుద్ధం’ తీశాడు. యయాతిని చంపాలని రాముడు, తల్లి మాట కోసం కాపాడాలని ఆంజనేయుడు. ఈసారి ముడి ఇంకా గట్టిది, ఎందుకంటే ఆంజనేయుడు స్వామిని కొట్టలేడు. కొట్టడు కూడా. నోట రామనామం పెట్టుకుని నిలబడతాడు. రామబాణం రామనామం దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఎవరి బలం ఎక్కువ అన్న ప్రశ్నకు ఇంత చక్కని తప్పించుకోలు నేనింకెక్కడా చూడలేదు. రాముడు ఓడిపోయాడు, తన పేరు చేతిలో. హద్దు అవతలి కన్నడంవాళ్లూ ఈ కథకు పడిపోయారు. రాజ్‌కుమార్ రాముడిగా 1963లోనే వాళ్ల ‘శ్రీరామాంజనేయ యుద్ధ’ వచ్చింది. 1972లో మళ్లీ మనవాళ్లు ‘శ్రీకృష్ణాంజనేయ యుద్ధం’ తీశారు. అంటే త్రేతాయుగం వాణ్ణీ ద్వాపరం వాణ్ణీ ఒక్క బరిలోకి దించారు. మార్వెల్, డీసీ అనే రెండు కామిక్స్ కంపెనీలవాళ్లు తమ బొమ్మల్ని కలపడానికి దస్తావేజులు రాసుకోవాలి. మనకు యుగాలు కలపడానికి చిరంజీవి ఆంజనేయుడు ఒక్కడు చాలు.

పాత కథల్లోనూ ఇది ఉంది. ఆనంద రామాయణంలో అర్జునుడు రామేశ్వరం పోయి, రాముడు కోతులతో రాళ్లెందుకు మోయించాడు, నేనైతే బాణాలతో వంతెన కడతాను అన్నాడు. పక్కనే ఉన్న ఆంజనేయుడు, కట్టు చూద్దాం అన్నాడు. కట్టాడు. ఆంజనేయుడు కాలు పెట్టాడు, విరిగింది. మళ్లీ కట్టినప్పుడు కృష్ణుడు అడ్డుపడి నిలబెట్టాడు, చివరికి ఆంజనేయుడు అర్జునుడి జెండా మీద కూర్చున్నాడు. తగువు పెట్టుకున్న ఇద్దరూ ఒకే రథం ఎక్కడం మన కథలవాళ్లకు అలవాటైన ముగింపు. లేపాక్షి పైకప్పు మీద కిరాతార్జునీయం చిత్రాలూ అదే మాట చెబుతాయి. పందిని ముందు కొట్టింది నేనంటే నేనని వేటగాడి వేషంలో శివుడు, తపస్సులో అర్జునుడు తన్నుకుంటారు. అర్జునుడు ఓడతాడు, ఓడి పాశుపతం పట్టుకుని ఇంటికొస్తాడు. ఆ పందిని అసలు ముందు ఎవరు కొట్టారన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు.

రెండు చేతుల్లో రెండు బొమ్మలు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్ల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు శుభ్రం చేసి, పలచగా సాగదీసి, రంగులద్ది, కన్నాలు పొడిచి చేసే ఆంధ్ర తోలుబొమ్మలు ఇంచుమించు మనిషి ఎత్తు ఉంటాయి. తెర వెనక దీపం వెలుగులో రావణుడి పది తలలు ఊగుతుంటే పిల్లలు తల్లుల కొంగు పట్టుకునేవాళ్లు. యుద్ధం వచ్చిందంటే ఆడించేవాడు కాళ్ల కింద చెక్కపలకలు తొక్కుతూ టపటపలాడిస్తాడు. ఒక చేతిలో ఈ వీరుడు, ఇంకో చేతిలో ఆ వీరుడు. ఢీకొట్టించేది ఒక్కడే, రెండు గొంతులూ ఒక్కడివే.

థానోస్, హల్క్‌ల సృష్టి వెనక ఉన్న మార్వెల్ కంపెనీకి పెద్దదిక్కు స్టాన్ లీని జీవితమంతా అభిమానులు అడిగిన ప్రశ్న ఇదే, వాడు గెలుస్తాడా వీడు గెలుస్తాడా అని. రాసేవాడు ఎవణ్ణి గెలిపించదలచుకుంటే వాడే గెలుస్తాడు అన్నది ఆయన జవాబు. నిమ్మలకుంటలో ఆ మాట ఎవరికీ చెప్పనక్కర్లేదు. చేతుల్లోనే ఉంది.

అయినా అమెరికాలో ఒకసారి ఆ అధికారాన్ని రాసేవాడి నుంచి లాగేసుకుని చదివేవాళ్లకిచ్చారు. 1996లో మార్వెల్, డీసీ కలిసి పదకొండు పోరాటాలు పెట్టి, అందులో ఐదింటి ఫలితం పాఠకుల ఓట్లకు వదిలేశాయి. సూపర్‌మ్యాన్ హల్క్‌ను కొట్టాడు, బ్యాట్‌మ్యాన్ కెప్టెన్ అమెరికాను కొట్టాడు. వుల్వరిన్‌కు లోబో అనేవాడు ఎదురుపడ్డాడు. బలం లెక్కన లోబోదే పైచేయి, ఓట్ల లెక్కన వుల్వరిన్‌ది. గీసేవాళ్లకు ఏం చేయాలో తోచలేదు కాబోలు, ఇద్దర్నీ ఒక బారు బల్ల వెనక పడేసి, ఏం జరిగిందో చూపకుండా, వుల్వరిన్ ఒక్కణ్ణే పైకి లేపారు. కోపాలు ఇప్పటికీ చల్లారలేదు. ఓట్లతో దేవుళ్లను గెలిపించడం హిందూపురంలో కుదిరింది గానీ అన్నిచోట్లా కుదరదు.

దానికంటే 1978లో సూపర్‌మ్యాన్‌నూ బాక్సర్ మహమ్మద్ అలీనీ కొట్టించిన పుస్తకం నాకు బాగా నచ్చుతుంది. మన గయోపాఖ్యానానికి దగ్గరి చుట్టంలా ఉంటుంది. ఎర్ర సూర్యుడి కింద సూపర్‌మ్యాన్ శక్తులు పోతాయి, వట్టి మనిషిగా బరిలోకి దిగుతాడు, అలీ గెలుస్తాడు. ఆ వెంటనే ఇద్దరూ ఒక్కటై భూమి మీదికి వచ్చిన శత్రువుల పని పడతారు. అలీ అభిమానికి అలీ దక్కాడు, సూపర్‌మ్యాన్ అభిమానికి ఎర్ర సూర్యుడనే సాకు దక్కింది.

ఆ రకంగా చూస్తే ‘ఆర్ఆర్ఆర్’ పాత తెలుగు వంట. అల్లూరి సీతారామరాజు 1924లో, కొమురం భీం 1940లో చనిపోయారు. ఇద్దరూ ఎన్నడూ కలవలేదు. రాజమౌళి 2022లో వాళ్లను కలిపాడు, ప్రాణస్నేహితుల్ని చేశాడు, ఒకరికి పిల్లను తీసుకుపోవాలనే మాట, ఇంకొకరికి తుపాకులు తేవాలనే మాట పెట్టాడు, ఇంటర్వెల్లో ఢీకొట్టించాడు. నీళ్లు ఒకరికి, నిప్పు ఒకరికి. రామ్‌చరణ్ అభిమానులూ జూనియర్ ఎన్టీఆర్ అభిమానులూ ఎవరికి ఎన్ని నిమిషాలు వచ్చాయో, ఎవరి దెబ్బ గట్టిదో లెక్కలు కట్టారు. తేలలేదు, తేలకుండా తీశాడు కాబట్టి. చివర్లో ఒకరి భుజాల మీద ఇంకొకర్ని ఎక్కించడంతో సగం గొడవ అక్కడే పోయింది. భుజాల మీద ఉన్నవాడు గొప్పా, మోసేవాడు గొప్పా అన్న మిగతా సగం ఇంకా నడుస్తోంది.

కదిరి పిల్లల ప్రశ్నకు కూడా ఇలాంటి వంటే కావాలి. థానోస్‌నూ నరసింహుణ్ణీ ఊరికే బరిలో దింపితే పది నిమిషాల్లో ముగుస్తుంది, మిగతా సాయంత్రమంతా తిట్లే. ముందు ఒక గయుణ్ణి వెతకాలి. థానోస్ కూడా తన లెక్కలో లోకానికి మేలే చేస్తున్నాననుకునేవాడు. ఆకలి తగ్గాలంటే సగం నోళ్లు పోవాలంటాడు. ఆ సగంలో ప్రహ్లాదుడి పేరు పడిందనుకోండి. అప్పుడు స్తంభం కోసం వెతకనక్కర్లేదు, ఏ రాయి తాకినా చాలు. చేతి తొడుగులో ఉన్న ఆరూ రాళ్లే.

ఇక ఎవరూ తీర్పు చెప్పని పోరు ఒకటి మన దగ్గరే మిగిలుంది. 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో అశ్వత్థామ వేషంలో అమితాబ్, భైరవుడి వేషంలో ప్రభాస్ తన్నుకున్నారు. ఆఖర్న భైరవుడే కర్ణుడని తేలింది. కురుక్షేత్రంలో ఇద్దరూ దుర్యోధనుడి పక్షమే కదా! ఇప్పుడు తల్లి కడుపులోని బిడ్డ కోసం ఎదురెదురుగా నిలబడ్డారు. మొదటి భాగం అక్కడే ఆపేశారు. అమితాబా ప్రభాసా అని అభిమానులు కొట్టుకోవడం ఆపలేదు. ముడి మాత్రం బాగానే పడింది. విప్పడానికి ఎవరొస్తారో రెండో భాగంలో చూడాలి.